కొడుకును చూశారు, తండ్రినీ చూడండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,



మీ శాఖ చేస్తున్న ఒక మంచి పనితోనే మొదలుపెడతాను. 2013లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకూ, ఒకసారి సర్కారు బడులకూ వెళ్లాలి. వాళ్లు వెతకాల్సిన ముప్పై రకాల లోపాల్లో, జబ్బుల్లో ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి నిలవనివ్వని, కుదురుగా ఉండనివ్వని తేడా, ఒకటి. అనుమానం కలిగిన పిల్లల్ని జిల్లా కేంద్రానికి పంపి పరీక్ష చేయిస్తారు. ఇదంతా పద్దెనిమిదేళ్ల వరకే. ఆ పై వయసు మగాడిలో ఇదే తేడా ఉందా అని వెతికే పని ఎవరికీ అప్పజెప్పలేదు. ఈ ఉత్తరం అలాంటివాళ్ల గురించి, ముఖ్యంగా ఆ పిల్లల్ని చెయ్యి పట్టుకుని పరీక్షకు తీసుకొచ్చే తండ్రుల గురించి.

నాది కొత్తపట్నం. ఒంగోలులో పురుగుమందుల కొట్టు. నాగులుప్పలపాడు, మద్దిపాడు వైపు మిర్చి, పత్తి వేసే రైతులు మా దగ్గరికి వస్తుంటారు. ఈ వ్యాపారంలో మందుల కంటే మనుషులు బాగా తెలుస్తారు. డబ్బులిచ్చి, మందు సంచి బల్ల మీదే వదిలేసి వెళ్లేవాళ్లుంటారు. మిర్చి పూతలో నల్లతామర పురుగు కనబడిందని పొద్దున్నే కంగారుగా ఫోను చేసి, ఆ రోజు రాక, మర్నాడూ రాక, పూత రాలాక వచ్చేవాళ్లుంటారు. ఎవరో లాభాలు చెప్పారని నిలబడ్డ పళాన రొయ్యల చెరువులో వాటా కొనేసినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ జబ్బుందని నేననను. మరుపు అందరికీ ఉంటుంది, దురాశ అంతకంటే ఎక్కువమందికి ఉంటుంది. కానీ కొందరికి పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ బతుకంతా ఇదే వరస. నిలకడలేనోడు, గాలోడు, బాధ్యత లేనోడు అని ఊరు ఎప్పుడో పేర్లు పెట్టేసింది. తెలివితక్కువోడని మాత్రం అనదు. ఎందుకంటే ఆగిపోయిన బోటు ఇంజను విప్పాలన్నా, అర్ధరాత్రి ఎవరికో ప్రాణం మీదికి వస్తే పరుగెత్తాలన్నా వాళ్లే ముందుంటారు.

ఆ పేర్లలో కొన్ని నావి కూడా. మా అబ్బాయి తరగతిలో కుదురుగా కూర్చోవడం లేదని ఒక సైకాలజిస్టుకు చూపించాం. ఆమె ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే మా ఆవిడ నావైపు చూసి, "మేడమ్, ఇవన్నీ వాళ్ల నాన్నవే" అంది. అందరం నవ్వుకున్నాం. తర్వాత ఒక ఆసుపత్రిలో నా సంగతి అడిగితే, పెద్దవాళ్లకు ఏడీహెచ్‌డీ ఉండదు, వేళకు నిద్రపొమ్మన్నారు. చివరకు వేరే ఊళ్లో తేల్చారు: ఉంది, చిన్ననాటి నుంచీ ఉంది. పెట్టుకోగలిగిన ఖర్చు కాబట్టి తేలింది. మా కొట్టుకొచ్చే కౌలు రైతుకు ఆ దారి లేదు.

మా ఆవిడ సరదాకి అన్న మాట వెనుక శాస్త్రం ఉంది. కవలల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడానికి కారణాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు జన్యువుల్లోనే ఉన్నాయని తేలింది, వందలో డెబ్భై నాలుగు పాళ్లు. అంటే కొడుకులో దొరికినప్పుడు అమ్మానాన్నల్లో వెతకడం చీకట్లో రాయి వేయడం కాదు. అమెరికా మానసిక వైద్యులు 2013లో సవరించిన నిర్ధారణ పుస్తకం పదిహేడేళ్లు నిండినవాళ్లకు వేరుగా కొలత పెట్టింది. పిల్లల్లో ఆరు లక్షణాలుండాలి, పెద్దల్లో ఐదు చాలు. అయితే వాటిలో కొన్ని పన్నెండేళ్లలోపే కనబడి ఉండాలి, ఇల్లు, పని వంటివాటిలో కనీసం రెండుచోట్ల ఇబ్బంది పెడుతుండాలి. పెద్దయ్యేకొద్దీ గెంతులు, పరుగులు తగ్గుతాయి. లోపలి తొందర, మరుపు, వాయిదా, ముక్కు మీది కోపం మిగిలిపోతాయి. బయటికి ఏమీ కనబడదు కాబట్టి పెద్దల్లో ఉండదనే మాట ఇంకా చెల్లుతోంది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను 2021లో ఒకచోట చేర్చి లెక్కగడితే, చిన్ననాటి నుంచి కొనసాగుతున్నవాళ్లు పెద్దల్లో వందకు రెండున్నర మంది దాకా ఉన్నారు. మన రాష్ట్రం మాటకొస్తే, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు.

నా ఈడువాళ్ల బాల్యంలో బడికి ఏ బృందమూ రాలేదు. మాకు దొరికిన వైద్యం గోడకుర్చీ. దాంతో కుదురు రాలేదు గానీ, తప్పంతా నాదేననే నమ్మకం గట్టిగా వచ్చింది. ఆ నమ్మకమే ఇప్పుడు మగవాళ్లను డాక్టరు గడప తొక్కనివ్వదు. షుగరుకు పోతారు, నడుం నొప్పికి పోతారు. మానసిక వైద్యుడి దగ్గరికి పొమ్మంటే, నాకేమన్నా పిచ్చా అంటారు.

ఒకప్పుడు సేద్యానికి వాన, ఎద్దు, ఎరువు కావాలి. ఇప్పుడు వాటితోపాటు తేదీలు కావాలి. ఈ-క్రాప్ నమోదుకు గడువు, ఈ-కేవైసీకి గడువు, కౌలు కార్డుకు గడువు. పంటరుణం వేళకు కట్టినవాడికే వడ్డీ రాయితీ. పొలంలో రాత్రింబవళ్లు కష్టపడి, ఒక్క వేలిముద్ర వేయడం మరిచి బీమా పోగొట్టుకునే మనిషిని సోమరి అనగలమా? ఇలాంటి గడువులు పదేపదే తప్పే తలకు ఏ పథకమూ పూర్తిగా అందదు. కాబట్టి ఇది మీ ఒక్క శాఖ సమస్య కూడా కాదు.

రోడ్డు సంగతీ చెప్పాలి. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న పదిహేడు వేలమందికి పైగా పెద్దల రికార్డులు పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. మందు వాడుతున్న కాలంలో మగవాళ్లకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు, వాడని కాలంతో పోలిస్తే యాభై ఎనిమిది శాతం తక్కువగా ఉన్నాయి. ఒంగోలు మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి పోతోంది. దానిమీద లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు నడిపేది దాదాపు అందరూ మగవాళ్లే. హెల్మెట్ కోసం మనం చేసే ప్రచారంలో పదో వంతయినా దీనికి చేస్తే తప్పేముంది?

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనేవాళ్లకు ఒక చిన్న ముచ్చట. 1937లో మా కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల పెడితే అప్పటి సర్కారు నిషేధించింది, ఆ కథ మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడాది అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, బెంజిడ్రిన్ అనే మందు ఇస్తే తన ఆసుపత్రిలోని పిల్లలు కొందరు నిమ్మళంగా కూర్చుని చదువుకుంటున్నారని రాశారు. మందుల దారి అంత పాతది. నేడు ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి, చీటీ నకలు కొట్టువాడు రెండేళ్లు దాచాలి. దుర్వినియోగం ఉంది కాబట్టి ఆ కట్టడి సబబే. పురుగుమందులు అమ్మేవాణ్ని, లైసెన్సు విలువ నాకు తెలుసు. కానీ ఆ కట్టడి వల్ల పల్లె మందుల కొట్లలో అది దొరకదు. అలాంటప్పుడు ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలోనైనా ఏ రోజూ నిండుకోకుండా ఉండాలి. గుండె, బీపీ చూసి, ఈ మందు పడనివాళ్లకు ఇవ్వడానికి అటొమాక్సెటిన్ కూడా ఉంచాలి.

మీకు రాదగిన అభ్యంతరం నాకు తెలుసు: ప్రతి బద్ధకస్తుడూ చీటీ కోసం వస్తాడని. రానివ్వండి, పరీక్ష ఉన్నది ఎందుకు? థైరాయిడ్, నిద్రలేమి, దిగులు, తాగుడు కూడా మనిషిని ఇలాగే చెదరగొడతాయి. వాటిని వేరుచేయడం మానసిక వైద్యుడి పనే. తాగుడు మాన్పించే కేంద్రాల్లో ఈ ప్రశ్నలు తప్పకుండా అడగాలని నా అభిప్రాయం, లోపలి పరుగు ఆపుకోవడానికి సీసా పట్టినవాళ్లు అక్కడ దొరుకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దల కోసం తయారు చేయించిన వడపోత ప్రశ్నలు ఆరే. చదవడానికి నిమిషాలు చాలు. కాకపోతే అవి ఆఫీసు మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ప్రాజెక్టు చివరి పనులు ముగించగలవా అని అడిగితే మా రైతు తెల్లమొహం వేస్తాడు. పిచికారీ సగం చేలో ఆపి ఇంకో పనిలో పడతావా, మోటారు వేసి మరిచిపోతావా, బ్యాంకు తేదీ ఎన్నిసార్లు దాటింది అని అడగండి. చిన్నప్పటి సంగతికి టీసీలో ప్రవర్తన గడి చూసి లాభం లేదు, అందరికీ బాగుందనే రాస్తారు. తల్లి బతికి ఉంటే ఆమెను పిలిపించండి. పన్నెండేళ్లలోపు కొడుకు ఎలా ఉండేవాడో ఆమెకంటే కచ్చితంగా ఏ రికార్డూ చెప్పదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం, సర్కారు మానసిక వైద్యం కనీసం ప్రతి జిల్లాలో అందాలి. భవనాలు అడగడం లేదు, కొత్త పథకానికి కొత్త పేరూ అక్కర్లేదు. పిల్లవాడి ఏడీహెచ్‌డీ కాగితం మీద అమ్మానాన్నలను కూడా ఈ ప్రశ్నలు అడిగారా అనే ఒక్క గడి చేర్పించండి. మేమింకా రిమ్స్ అనే పిలుచుకునే ఒంగోలు పెద్దాసుపత్రి మానసిక విభాగంలో వారానికి ఒక పూట పెద్దల ఏడీహెచ్‌డీ ఓపీ పెట్టించండి. ఆ పూట సంతరోజో, మిర్చి కోతల వేళో కాకుండా చూడండి. 14416 టెలీ మానస్‌కు ఫోను చేసే మగవాడికి ఆ ఓపీ రోజు ఏదో అక్కడి కౌన్సెలర్ చెప్పగలగాలి.

కొత్తపట్నం నుంచి ఒంగోలు ఇరవై కిలోమీటర్ల లోపే. షేర్ ఆటో ఎక్కి రావడానికి మేం సిద్ధం. ఏ రోజు, ఏ గది దగ్గరికి రావాలో మీ శాఖ చెప్పాలి.

ఇట్లు,
కొత్తపట్నం నుంచి ఒక తండ్రి