లగ్గానికి కవర్ సెట్ ఉందా?

సినిమాలో పెళ్ళినాడు వాన పడిందంటే, డైరెక్టరు పడమన్నాడు కాబట్టే పడింది. వాటర్ ట్యాంకరు వస్తుంది, చిల్లుల పైపులు పైన కడతారు, చినుకు కెమెరాకి కనబడాలని వెనకనుంచి లైటు కొడతారు. 'కట్' అనగానే వాన ఆగిపోతుంది, హీరోయిన్ చేతికి తువ్వాలు అందుతుంది. మీరా నాయర్ 'మాన్‌సూన్ వెడ్డింగ్' 2001లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ కొట్టేసిందే, అందులో చివర ఢిల్లీ పెళ్ళివారంతా వానలో తడుస్తూ చిందులేస్తుంటే నేనూ మురిసిపోయాను. మా చెల్లి పెళ్ళి అయ్యేదాకా!

జనగామలో మా ఇల్లు చిన్నది. అందుకని మానుకోట దగ్గర మా మేనమామ వాకిట్లో పందిరి వేశాం. మానుకోట అంటే మహబూబాబాదేనండోయ్, మావాళ్ళు ఆ పేరు వదలరు. వైశాఖ మాసం, రాత్రి ముహూర్తం. టెంటు హౌసాయన్ని "గాలివాన వస్తే?" అనడిగితే, "ఏం గాదు సార్, ఇంత ఎండ దంచుతుంటే వానెక్కడిది!" అన్నాడు. ఆ ఎండే కొంపముంచుతుందని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. పొద్దంతా నేల కాగి కాగి, వేడిగాలి తేమతోసహా పైకి లేచి, సాయంత్రానికి కారుమబ్బవుతుంది. అందులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. చినుకుకన్నా ముందొచ్చేది ఆ గాలే. తడిస్తే ఆరతాం, గాలికి పందిరి లేస్తే?

నాలుగున్నరకి పడమటి దిక్కు నల్లబడింది. మా మామ ఒక్కటే కేక: "ముందు మెయిన్ బంద్ చేయుండ్రి!" సీరియల్ బల్బులూ డీజే డబ్బాలూ అన్నీ ఆరిపోయాయి. మగపెళ్ళివారి కుర్రాళ్ళు గోల. ఆ గోల అయిపోకముందే గాలి అందుకుంది. వెల్వెట్ గుడ్డ తెరచాపలా పొంగి, ఇనుప గుంజల్ని పెకలించింది. ఒక గుంజ బుడ్డి పిల్లలు ఆడుకుంటున్న చోటే పడింది. అంతకు కొద్ది నిమిషాల ముందే మా అత్త వాళ్ళని లోపలికి తరిమింది. ఇంకో గుంజ లైట్ల వైరుమీద పడింది. వైర్లో కరెంటు ఉండి ఉంటే ఈ కాలమ్ ఈ పద్ధతిలో రాసేవాణ్ణి కాదు. వంటమాస్టరు పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, మరిగే నూనె కాగుకి అడ్డంగా నిలబడ్డాడు. సినిమాలో ఇలాంటి షాట్‌కి డూపుని పెడతారు.

మరి పెళ్ళి? పక్కింటి పత్తి గోదాంలో జరిగింది!

ఔట్‌డోర్ షూటింగు పెట్టుకున్నవాళ్ళకి ఒక అలవాటుంది. వానొస్తే రోజు వృథా కాకుండా, ఇండోర్లో ఇంకో సీను సిద్ధంగా ఉంచుకుంటారు. హాలీవుడ్ వాళ్ళు దాన్ని 'కవర్ సెట్' అంటారు. ఆ మాట ఎన్నడూ వినని మా మామ వారం ముందే గోదాం ఊడిపించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగాడు. "గోదాంలో పెళ్ళా మామా, మగపెళ్ళివారు నవ్వరూ?" అంటే, "నవ్వనీ అల్లుడా, తడవకుంట నవ్వుతరు" అన్నాడు. ఇప్పటికీ ఆల్బం తీస్తే మా బావగారి తలపాగాకి పత్తిపింజలు!

ఇదంతా ఇప్పుడెందుకంటారా? వచ్చే శ్రావణంలో నా పెళ్ళి. ముప్పై దాటిన బ్రహ్మచారికి పిల్లనిచ్చిన మహానుభావులది భూపాలపల్లి అవతల. జనగామనుంచి హనుమకొండ, పరకాల, రేగొండ మీదుగా పోవాలి. దారిలో మోరంచవాగు దాటాలి. ఆ వాగు పేరు వినగానే నాకు గుండెలో డోలు మోగింది.

2023 జూలై 27 గుర్తుందా? తెల్లవారకముందే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లొచ్చాయి. అదే జిల్లా చిట్యాలలో ఒక్కరోజులో 616.5 మిల్లీమీటర్లు పడింది. 204 దాటితేనే వాతావరణశాఖ 'అత్యంత భారీ' అంటుంది, ఇది దానికి మూడు రెట్లు! అది అధిక శ్రావణం కాబట్టి లగ్గాలు లేవు. నిజ శ్రావణమే అయ్యుంటే ఎన్ని బరాత్‌లు ఒడ్డున ఆగిపోయేవో! 2024 సెప్టెంబరు 1న శ్రావణం చివర్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుపట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. 2025 అక్టోబరు చివర్లో, కార్తీకంలో, మొంథా తుపాను వానకి డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగాయి. రెండూ పెళ్ళిళ్ళ మాసాలే. పంతులుగారు తారాబలం చూస్తారు, చంద్రబలం చూస్తారు, వాగుబలం చూడరు మరి!

వైశాఖం వానా శ్రావణం వానా ఒకటి కాదని ఈ హైరానాలోనే తెలుసుకున్నాను. వైశాఖం గాలిదుమారం సంగతి రెండు మూడు గంటల ముందుగానీ ఖాయంగా తేలదు. వాతావరణశాఖ ఇచ్చే 'నౌకాస్ట్' మూడు గంటలకే. అందుకని ఆ నెలల్లో కవర్ సెట్ అడుగు దూరంలో ఉండాలి, మధ్యాహ్నంనుంచీ ఒకడు ఆకాశంమీద కన్నేసి ఉండాలి. పిడుగుల కబురుకి 'దామిని' అని యాప్ ఉంది. రీల్స్ చూసే ఫోన్లోనే ఇదీ వస్తుంది, వేసుకోండి. శ్రావణం సంగతి వేరు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే రెండు మూడు రోజుల ముందే ఎల్లో, ఆరెంజ్, రెడ్ అంటూ జిల్లాలవారీగా రంగులు చెబుతారు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు, రెడ్ అంటే ఇక కదులు. కానీ అప్పుడు గోదాం ఒక్కటే చాలదు, మనుషులే ముందురోజు వాగు దాటాలి. పైగా వాన మనమున్నచోట పడక్కర్లేదు, ఎగువన పడితే చాలు. ఆకాశం తేటగా ఉన్నా కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటాయి. "మోకాలి లోతేగా, పోనియ్యి డ్రైవరన్నా" అనేవాడు ప్రతి పెళ్ళి బస్సులోనూ ఒకడుంటాడు. మా బస్సులో వాణ్ణి వెనక సీట్లో కూర్చోబెడతాను.

మొన్న మామగారితో మెల్లగా అన్నాను: "మగపెళ్ళివాళ్ళం ముందురోజే వస్తామండీ." ఆయన గతుక్కుమన్నాడు. "నూటయాభైమందా బాబూ? ఎక్కడ పండబెట్టాలె?" న్యాయమైన ప్రశ్నే. రెండురోజులు బేరాలాడుకుని నలభైమందికి దించాం. మిగతావాళ్ళకి జనగామలో విందు. ఆ నలభైలో పేరు లేని మిత్రులిద్దరు నాతో మాటలు మానేశారు. వాళ్ళలో ఒకడు బరాత్‌లో వానపాటకి స్టెప్పులు నెలరోజులుగా ప్రాక్టీసు చేస్తున్నాడట పాపం.

ఇక మామ సరేసరి. నా పెళ్ళికూతురి ఊళ్ళో వడ్ల గోదాం ఒకటుందని కనుక్కున్నాడు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందని రోజుకోసారి ఫోను!