అవ్వ పండుగకు ఏ హోటల్?

ఎండాకాలం సెలవులు వచ్చినయంటే మన ఖోలీలకు చుట్టాలు దిగుతరు. సిరిసిల్ల నుంచి, కోరుట్ల నుంచి, ఇటు భివండి, సూరత్, షోలాపూర్ నుంచి. మునుపు పెండ్లికో చావుకో వచ్చేటోళ్ళు. ఖోలీలనే వండి, గ్యాలరీల చాపలు పరిచి పెట్టేది. ఇప్పుడు తీరు మారింది. పిల్లలు నాలుగు పైసలు సంపాదిస్తున్నరు. "తాతకు డెబ్బై నిండినయి, అవ్వకు ఎనభై నిండినయి, అందరం కలిసి హోటల్ల దావత్ చేద్దాం" అంటున్నరు. మంచిదే. ఆడోళ్ళకు ఒక్క పూటన్నా పొయ్యి కాడి నుంచి సెలవు దొరుకుతది. కానీ ఏ హోటల్ అన్న కాడనే ఇంట్ల లొల్లి మొదలైతది.

పోయిన నెల కామాటిపురల మా సోపతిగాని ఇంట్ల ఇదే లొల్లి. వాళ్ళ అమ్మకు ఎనభై ఏండ్లు. ఏ రోజు పుట్టిందో ఎవరికీ తెల్వదు. ఆధార్ కార్డుల జనవరి 1 అని ఉన్నది, మనోళ్ళల్ల సగం మంది అదే రోజు పుట్టినట్టు! అందుకే బడి సెలవులు చూసి మే నెలల పెట్టుకున్నరు. అవ్వ, కొడుకులు, బిడ్డలు, మనుమలు, ఇద్దరు ముని మనుమలు, కొత్తగా వియ్యమందుకున్న సిరిసిల్లోళ్ళు, మొత్తం 23 మంది. నేను ఇంటి మనిషి లెక్కనే కనుక నన్ను కూడ మాటల కూచోబెట్టిండ్రు.

పెద్ద మనుమడు లోయర్ పరేల్‌ల ఆఫీసుల పని చేస్తడు. ఆ ఆఫీసు ఒకప్పటి మిల్లు ఆవరణలనే ఉన్నది. అక్కడ మేడ మీద పెద్ద రెస్టారెంటు ఉన్నదట. "తాత పని చేసిన కాడ అవ్వకు దావత్, ఎంత గొప్పగ ఉంటది" అన్నడు. ఆ పిలగాని మనసు మంచిదే, నేను కాదనను. కానీ వాడు ఇంకో మాట మెల్లగ అన్నడు. చుట్టాలు దేవగిరిల దాదర్‌ల దిగంగనే, అక్కడి నుంచి అక్కడ్నే ట్యాక్సీల లోయర్ పరేల్ తీసుకుపోదం, గల్లీకి రానియ్యొద్దు అని.

ఇది మనందరికీ తెలిసిన సంగతే. కామాటిపుర అని చెప్పుకోవడానికి మన పిల్లలు సిగ్గుపడతరు. నౌకరి అర్జీల నాగ్‌పాడా అని రాస్తరు, ముంబై సెంట్రల్ అని రాస్తరు. పేరుకు మచ్చ పడ్డది నిజమే. కానీ ఆ పేరు ఎవరిది? నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన కామాఠీలది, మన తెలుగోళ్ళది. 1784ల వర్లీ కాడ సముద్రానికి అడ్డంగ కట్ట కట్టినంక ఈ బురద నేల ఎండింది. ఆ తర్వాత మనోళ్ళు ఇక్కడ గుడిసెలు వేసుకొని, రాళ్ళు మోసి, ఈ పట్నంల మేడలు లేపిండ్రు. మచ్చ తర్వాత వచ్చింది.

అవ్వ ఆ మాట విని తేల్చి చెప్పింది: "నా ఇల్లు చూడని చుట్టానికి నా బువ్వెందుకు?" అంతే. పొద్దున్నే చుట్టాలు గల్లీకి రావాలె, చాయ్ తాగాలె, కాళ్ళు చాపాలె, మధ్యాహ్నం హోటల్‌కు పోవాలె అని ఒప్పందం అయింది. ఇట్ల చేస్తే ఇంకో లాభం కూడ ఉన్నది. రాత్రంత రైల్ల కూచొని వచ్చిన ముసలోళ్ళను, పసిపిల్లలను దిగంగనే హోటల్ల కూచోబెడితే వాళ్ళు తినరు, కునుకు తీస్తరు. రాత్రి దావత్ కన్నా మధ్యాహ్నం దావత్ మేలు. 12 గంటలకు ముందే పోతే ఆఫీసోళ్ళ రద్దీ ఉండదు, హోటలోళ్ళు మన మాట వినేటంత తీరిక ఉంటది.

ఇగ హోటల్ సంగతి. నేను, మనుమడు, వాని తల్లి ముగ్గురం ముందుగ పోయి చూసి వచ్చినం. ఫోన్ల ఫోటోలు చూసి నిర్ణయం చేసేటోళ్ళకు ఒక్క మాట: ఫోటోల మెట్లు కనపడవు.

మేడ మీది రెస్టారెంటు అందంగనే ఉన్నది. లిఫ్టు కూడ ఉన్నది, కానీ లిఫ్టు దిగినంక మళ్ళ ఎనిమిది మెట్లు. అవ్వ మెట్లు ఎక్కలేదా అంటే రోజూ ఎక్కుతది, చాల్‌ల రెండో మాలా మీదనే ఉంటది. మన చాల్ మెట్లకు పట్టుకునేటందుకు తాడు వేలాడుతది. ఆ మెట్లకు తాడు లేదు, మెరుపు ఉన్నది. కుర్చీలు మెత్తగ, లోతుగ ఉన్నయి, కూచున్న ముసలి మనిషి లేవాలంటే ఇద్దరు పట్టాలె. పాట ఎట్ల మోగుతున్నదంటే నా పక్కనున్న పిలగాడు ఏమన్నడో వినపడలే. సాంచాల ఖాతాల ముప్పై ఏండ్లు చేసినోళ్ళకు చెవులు ఎట్ల ఉంటయో మన ఇండ్లల్ల చెప్పాల్సిన పని లేదు. మేము పని కాడ పెదవులు చూసి, చేతి సైగలతోటి మాట్లాడుకున్నం. పండుగ నాడు కూడ సైగలేనా?

ఇంకో సంగతి చూసిన, మీరు కూడ చూడుండ్రి. బయటికి పోయే దారి ఎక్కడ, రెండో దారి ఉన్నదా? 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి దాటినంక కమలా మిల్స్ ఆవరణల పైకప్పు మీది రెస్టారెంటుకు నిప్పంటుకొని 14 మంది పోయిండ్రు. వాళ్ళల్ల పుట్టినరోజు చేసుకునేటందుకు వచ్చిన ఆడబిడ్డ కూడ ఉన్నది. చాలామంది పొగకు ఊపిరాడక పాయఖానాల చిక్కుకొని పోయిండ్రు. ఇది భయపెట్టేటందుకు చెప్తలేను. మిల్లుల దూది ఖాతాల పని చేసినోళ్ళం, దారి ఎక్కడున్నదో చూసుకొని నిలబడే అలవాటు మనది. మన పిల్లలకు కూడ ఆ అలవాటు చెప్పాలె.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు కుదరనిది బఫే. మనుమడు "అవ్వకు ఏది కావాలంటే అది, యాభై రకాలు" అన్నడు. కానీ పళ్ళెం పట్టుకొని వరుసల నిలబడాలె. ఆ అవ్వ ఎవరో తెలిసి ఆ మాట అనొచ్చునా? 1970లల ఆమె ఖోలీలనే ఖానావళి నడిపింది. ఊర్ల భార్యాపిల్లలను విడిచి ఒంటరిగ వచ్చిన 14 మంది గిర్ని కామ్‌గార్లకు రెండు పూటలా జొన్నరొట్టె, పప్పు, కూర. పొద్దు పాళీకి వేరే, రాత్రి పాళీకి వేరే. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు, పగార్ లేని ఆ మనుషులకు కొన్ని నెలలు ఖాతా మీద పెట్టింది. కొందరు ఊర్లకు పోయిండ్రు, ఆ పైసలు మళ్ళ రాలే. ఇట్లాంటి ఆడోళ్ళు గిరణ్‌గావ్ అంతట ఉన్నరు. వాళ్ళు వడ్డీ వ్యాపారస్తుల చేతుల నలిగిపోతున్నరని చూసి ప్రేమా పురవ్ 1975ల అన్నపూర్ణ మహిళా మండలి పెట్టింది, బ్యాంకుల నుంచి అప్పు ఇప్పించింది. మన అవ్వ అందుల చేరలే, ఆమెకు మరాఠీ అంతగ రాకపోయె.

ఎనభై ఏండ్లల్ల ఆ మనిషికి కూచోబెట్టి వడ్డించినోళ్ళు ఎంత మంది? అందుకే నేను అన్నది ఒక్కటే. పళ్ళెం అవ్వ దగ్గరికి రావాలె, అవ్వ పళ్ళెం దగ్గరికి పోవద్దు.

వడ్డన అంటే మాటుంగా గుర్తుకు రావాలె. అక్కడ స్టేషన్ కాడ రామా నాయక్ ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్ ఉన్నది, 1942 నాటిది. అరటాకు వేసి, వేడివేడిగ తెచ్చి పెడుతనే ఉంటరు. నలుగురైదుగురు పోవాలంటే నేను కండ్లు మూసుకొని అక్కడికే పొమ్మంట. కానీ అది మొదటి మాలా మీద, సెలవు రోజుల గంటసేపు వరుస, 23 మందిని ఒక్క చోట కూచోబెట్టరు. పైగ శాకాహారం. భివండి అల్లుండ్లు "యాటకూర లేకుంట ఎనభై ఏండ్ల పండుగనా" అని మొహం మాడ్చిండ్రు. వాళ్ళది కూడ న్యాయమే.

ఆఖరికి ముంబై సెంట్రల్ దిక్కు ఒక శెట్టి హోటల్ దొరికింది. పేరు పెద్దది కాదు. కింది మాలా, రోడ్డు మీది నుంచి ఒక్కటే మెట్టు. చేతులున్న గట్టి కుర్చీలు. పాట లేదు, టీవీ ఉన్నది కానీ బందు పెట్టమంటే పెట్టిండ్రు. శాకాహారం వేరే పొయ్యి మీద చేస్తరు, వియ్యపురాలికి అది ముఖ్యం. పిల్లలకు నూడుల్స్, పావ్‌భాజీ, అల్లుండ్లకు మటన్, అవ్వకు పప్పన్నం. పాయఖానా ఇరవై అడుగుల దూరంల, నేల తడి లేదు. ఇది అడగడానికి సిగ్గుపడొద్దు. ముసలోళ్ళు హోటల్‌కు రామంటే సగం సార్లు కారణం ఇదే, వాళ్ళు బయటికి చెప్పరు.

ఒక వారం ముందు వాని తల్లి, నేను అక్కడ రైస్ ప్లేట్ తిని చూసినం. పప్పు బాగున్నది, అన్నం బిరుసుగున్నది. గల్లా మీద కూచున్న శెట్టికి చెప్పినం, ఎనభై ఏండ్ల అవ్వ వస్తది, పండ్లు లేవు, ఒక గిన్నెల అన్నం మెత్తగ వండాలె, కారం వేరే పెట్టాలె అని. "మా అమ్మ కూడ అట్లనే తింటది" అన్నడు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. రోజు కూడ చూసి పెట్టుకున్నం. ఆదివారం రద్దీ, సోమవారం ఒకరికి ఒక్కపొద్దు, గురువారం ఇంకొకరికి, శనివారం సగం మందికి. బుధవారం ఎవరికీ అడ్డం లేదు.

మనుమడు రెండు రోజులు ముభావంగ ఉన్నడు. వానికి నేను చెప్పిన, మిల్లు చూపించాలంటే చూపించు, సాయంత్రం అవ్వను ఫీనిక్స్ దిక్కు తీసుకపో, చిమ్నీ ఇంకా నిలబడే ఉన్నది, చూసి రావడానికి టికెట్ లేదు అని. తీసుకపోయిండు కూడ. అవ్వ చిమ్నీ చూసి, "పొగ రాకపోతే ఇది చిమ్నీ ఎట్లయితది" అన్నదట.

దావత్ నాడు అవ్వ మూడు సార్లు లేచింది, పక్కోళ్ళకు వడ్డిద్దామని. మూడు సార్లూ సిరిసిల్ల వియ్యపురాలు చెయ్యి పట్టి కూచోబెట్టింది. హోటల్ పిలగాడు బీహారోడు, తెలుగు రాదు. అవ్వ "ఇంకొంచెం పప్పు పెట్టు బిడ్డా" అంటే వానికి అర్థమే అయింది. మెత్తటి అన్నం రెండు సార్లు పెట్టించుకున్నది. కేకు కోయమంటే, పిల్లలతోటే కోయించింది.

బిల్లు సంగతి చెప్పకుంట ఈ ముచ్చట పూర్తి కాదు. మాది 12,400 అయింది, దాని మీద 5 శాతం జీఎస్టీ 620. మామూలు హోటల్ల జీఎస్టీ 5 శాతమే. రోజుకు 7,500 కన్నా ఎక్కువ కిరాయి గదులున్న పెద్ద హోటల్ల రెస్టారెంటుకు పోతే 18 శాతం పడుతది, పోకముందే తెలుసుకోండ్రి. సర్వీస్ చార్జి అని 10 శాతం వేస్తే, అది సర్కారు పన్ను కాదు. అడగకుంట బిల్లుల వేయొద్దని 2022 జులైల కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు కూడ అదే ఖాయం చేసింది. మా లెక్కన 10 శాతం అంటే 1,240 రూపాయలు. తీసేయమని మర్యాదగ అడగండ్రి. ఆ పైసల్ల కొంత వడ్డించిన పిలగాని చేతుల నేరుగ పెట్టండ్రి. మేము అట్లనే చేసినం. అవ్వ తన కొంగు ముడి విప్పి ఇంకో 50 ఇచ్చింది.

మిగిలిన కూర, రొట్టెలు పార్సిల్ కట్టించుకోవడానికి కొత్త కోడలు మొహమాటపడింది. అవ్వ పడలే. డబ్బాలు ఇంటి నుంచే తెచ్చింది.

కామాటిపురకు కొత్త బిల్డింగులు వస్తయని మ్హాడా మాట నడుస్తనే ఉన్నది. ఖోలీలు ఉన్నన్ని రోజులు చుట్టాలు వస్తనే ఉంటరు. కింది మాలాల, కూచోబెట్టి వడ్డించే, ఇరవై మందికి జాగ ఉన్న హోటల్ మీ దిక్కు ఉంటే, వర్లీ, లాల్‌బాగ్, నాయ్‌గావ్, భివండి ఎక్కడైనా సరే, రాసి పంపండ్రి. మెట్లు ఎన్నో లెక్క పెట్టి రాయండ్రి. వచ్చే నెల ఇక్కడనే వేస్త.