జల్లెడ ఆమె ఒంట్లో, కాగితం అత్తింట్లో

కాన్పయ్యాక కాళ్ళు వాస్తే మన డెల్టా ఊళ్ళలో ‘నీరు పట్టింది, అదే పోతుంది’ అంటారు. రెండు కాళ్ళూ వాచినప్పుడు చాలాసార్లు ఆ మాట నిజమే. కాని ఒక్క కాలే, ముఖ్యంగా ఎడమ కాలు వాచి నొప్పి పుడితే లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆయాసం మొదలై, చూస్తుండగానే ప్రాణం పోవచ్చు.

గర్భిణికి ఈ ప్రమాదం అదే వయసు స్త్రీలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. కాన్పు తర్వాత ఆరు వారాల్లో ఇంకా ఎక్కువ. సిజేరియన్ దాన్ని మరింత పెంచుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. బెజవాడలో కోత పడి కంకిపాడో అవనిగడ్డో చేరిన బాలింతని మంచం దిగనివ్వం, దాహమంటే గుక్కెడు నీళ్ళతో సరిపెడతాం. కదలకపోవటం, ఒంట్లో నీరు తగ్గటం రెండూ గడ్డకి దోహదం చేసేవే. (అమ్మమ్మల్ని తప్పుపట్టి లాభం లేదు. కోత కోసినవారు ఆ నాలుగు మాటలూ చెప్పి పంపాలి.)

మందు ఉంది. వార్ఫరిన్ మాత్ర మాయని దాటి బిడ్డని చేరుతుంది, హెపారిన్ చేరదు. అందుకే గర్భిణులకి హెపారిన్ సూదిమందు ఇస్తారు. అయితే కాన్పు వేళకి దాన్ని ఆపాలి. నెలలు నిండాక గడ్డ బయటపడినా, రక్తస్రావం వల్ల మందు ఇవ్వలేకపోయినా, అరుదుగా కొందరికి పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెడతారు. బట్టలేని గొడుగు ఊచల్లాంటి చిన్న లోహపు జల్లెడ అది. గడ్డని కరిగించదు, పైకి పోకుండా అడ్డుకుంటుంది, అంతే.

తాత్కాలికంగా పెట్టినదాన్ని అవసరం తీరాక తీసెయ్యాలి. ఉండిపోతే ఊచ విరగొచ్చు, సిర గోడని పొడవొచ్చు, కాళ్ళలో కొత్త గడ్డలు కట్టొచ్చు. అవసరం తీరగానే తీసే ఆలోచన చెయ్యమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే డాక్టర్లకి చెప్పింది.

మరి ఈ సంగతి ఎవరికి చెబుతున్నారు? సంతకం భర్తదో మామగారిదో. డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవర్లో అత్తింటి బీరువాకి చేరుతుంది. బాలింత పుట్టింట్లో ఉంటుంది. తన ఒంట్లో లోహం ఉందని ఆమెకి తెలియకపోతే తీయించమని అడిగేదెవరు?

చట్టం ఈ పద్ధతిని ఒప్పుకోదు. సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న స్త్రీ గర్భసంచి తీయటానికి తల్లి సమ్మతి చాలదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, ఆమెకి తెలివొచ్చాక ఆమెనే అడగాలి. తల్లి సమ్మతే చెల్లనప్పుడు మామగారి సంతకం ఎలా చెల్లుతుంది?

ఫిల్టర్ పెట్టినట్టు, ఏ తారీఖున తీయాలో తెలుగులో రాసిన కార్డు ఆమె చేతికే ఇవ్వాలి. తీయించుకోవటానికి చంటిబిడ్డతో మళ్ళీ బెజవాడ బస్సెక్కాలి కనుక, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో పెట్టేరోజే తేల్చాలి.