మోటు అన్నది ఎవరు?

కామంతో వెకిలిగా చూశాడనో, పచ్చిగా మాట్లాడాడనో చెప్పడానికి ఇంగ్లీషులో ‘లూడ్లీ’ అంటారు. దాని పుట్టుకలో కామం లేదు. వెయ్యేళ్ల కిందట ఆ మాట మూలానికి చర్చి గురువు కానివాడు అన్నంతవరకే అర్థం. చదువు గురువుల చేతిలో ఉన్న కాలం కనుక గురువు కానివాడు చదువురానివాడయ్యాడు, చదువురానివాడు మొరటువాడయ్యాడు. 14వ శతాబ్దానికి ఆ మొరటువాడికి కామాన్నీ అంటగట్టారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు థెస్సలొనీక సంతలో తిరిగే పోకిరీలకు దీని మూలమైన ‘లూడ్’ అన్న విశేషణమే వాడింది. అక్కడ కామం ఊసే లేదు.

ఈ దారి మనకు కొత్తది కాదు. గ్రామ్యం అంటే ఊరికి చెందినది. సంస్కృతంలో గ్రామ్యధర్మం అంటే స్త్రీపురుషుల కలయిక. అలంకారశాస్త్రం చెప్పిన కావ్యదోషాల్లో అశ్లీలంతో పాటు గ్రామ్యమూ ఉంది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యమంది. తెలుగువాళ్లలో అత్యధికులు మాట్లాడేది ఆ భాషే. ఇక మోటు. మోటు మనిషి అంటే నాగరికం తెలియనివాడు, మోటు సరసం అంటే బూతు. రెంటికీ నడుమ అడ్డుగోడ ఎప్పుడు కూలిందో ఎవరూ గమనించలేదు.

తమిళనాడులోని హోసూరు, బాగలూరు, దెంకణికోట, వేపనపల్లి పక్క పల్లెల్లో చాలామందికి తెలుగు ఇంటి భాష. వాళ్లకు తమిళం, కన్నడం వీధిలోనే వినిపిస్తాయి. బడిలో తెలుగు అక్షరం అందక, తెలుగును నోటితోనే నిలుపుకున్నవాళ్లు ఎందరో. 2006 నాటి తమిళనాడు చట్టం బడిలో తమిళాన్ని తప్పనిసరి చేశాక ఆ అక్షరం ఇంకా దూరమైంది. ఇంగ్లీషు మాట మొదట ఎవరిని గురించి పుట్టిందో, సరిగ్గా అలాంటివాళ్లే వీళ్లు: ఏలిక చదువుకు బయట ఉన్నవాళ్లు. వాళ్లు ‘ఉండాది’ అంటే నవ్వడం, పెళ్లిలో ఆడవాళ్లు వియ్యంకుణ్ణి ఆటపట్టిస్తూ పాడితే ముఖం చిట్లించడం నాకు ఒకే జబ్బులా కనిపిస్తాయి. ప్రబంధంలో నాయిక అంగాంగ వర్ణనను తరగతిలో పాఠంగా చెప్పుకుంటాం గదా!

అయితే చదువుంటే ఈ నింద తప్పుతుందా? తప్పదు. హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు పేరును తన పేరులో నిలుపుకున్న గాయని నాగరత్నమ్మ సంగతి చూడండి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన రాధికా సాంత్వనాన్ని ఆమె పరిష్కరించి 1910లో వావిళ్లవారి చేత అచ్చువేయించారు. ముద్దుపళని చదువుకు లోటు లేదు, పద్యానికీ లోటు లేదు. అయినా కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని పచ్చి శృంగారమని దూషించారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ పీఠికలో నిలదీశారు. కందుకూరివారి రసికజనమనోరంజనంలోని శృంగారాన్నీ ఎత్తిచూపారు. ప్రభుత్వం మాత్రం అశ్లీలమంటూ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒకచోట చదువు లేదని, ఇంకొకచోట ఆడదని, అందులోనూ భోగం కులమని నింద వేశారు.

మనిషి ఒళ్లు వణికేలా వేధించే మాటలున్నాయి, చూపులున్నాయి. వాటికి చట్టం ఉండాలి, కఠినంగానే ఉండాలి. వాటినీ వియ్యాలవారి పాటనూ ఒకే గాటన కట్టడం తగదు. కృష్ణగిరి జిల్లాలో ఇంకా తెలుగు చెబుతున్న పంతుళ్లను నేను కోరేది ఒకటే. ఆ పాటలను పాడినవాళ్ల నోటి నుంచే, పాడినట్టే, ‘ఉండాది’ని ‘ఉంది’గా దిద్దకుండా, సరసాన్ని కత్తిరించకుండా రాసుకోండి. పాడినవాళ్లు ఒప్పుకుంటే పాట కింద వాళ్ల పేరూ, ఊరి పేరూ వేయండి.