తండ్రుల నంబర్లు ఎందుకు తీసేశారు?

మా పాప చదివే బడి ప్రిన్సిపాల్ గారికి, యాజమాన్యానికి,

పోయిన సోమవారం మీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇకనుంచి తల్లుల నంబర్లే ఉంటాయని, సమాచారం సక్రమంగా అందడం కోసమే ఈ మార్పని. సాయంత్రానికల్లా మావారి నంబరు తీసేసి, నాది చేర్చారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

మా ఇంట్లో బడి సంగతులు చూసేది ఆయనే. డైరీ చదవడం, బుధవారానికి హౌస్ టీషర్టు ఉతికి ఉందో లేదో చూడటం, వ్యాను డబ్బులు, గోళ్ళు, పుట్టినరోజుకు పంచే చాక్లెట్లు అన్నీ ఆయనవే. వంట, అత్తయ్యగారి బీపీ మాత్రలు నావి. ఈ పంపకం ఊరికే కుదరలేదు. "నువ్వు చెప్తే చేస్తాను కదా" అని ఆయన, "చెప్పాల్సి రావడమే నా బరువు" అని నేను, చాలాకాలం గొడవపడ్డాకే కుదిరింది. మీరు దాన్ని ఒక్క పూటలో చెడగొట్టారు.

ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటాక "అమ్మలూ, రేపు చార్టు, ఐదు రకాల ఆకులు పంపండి" అని నా ఫోనుకు వస్తోంది. దాన్ని ఆయనకు పంపాలి. చూశారో లేదో కనుక్కోవాలి. ఆకులు కోసుకొచ్చేది ఆయనే అయినా, ఆ సంగతి తలలో మోసేది మళ్ళీ నేనే. మీకిది చిన్న విషయంగా కనిపిస్తోందా?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర గణాంక శాఖ 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. అంటే ఈ ఐదేళ్ళలో మగవాళ్ళు చేసేది పెరగకపోగా తగ్గింది. పైగా ఆ సర్వే రోజును అరగంటల గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఏం చేశారని అడుగుతుంది. రేపటి ఇడ్లీకి మినప్పప్పు నానబెట్టించాలని మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో గుర్తుచేసుకునే మనిషికి ఆ గడిలో పడేది "ఉద్యోగం" అనే. ఆ గుర్తుపెట్టుకోవడం ఏ లెక్కలోకీ రాదు. ఇంట్లో పని ఎవరు చేయాలన్నది మేం తేల్చుకోగలం. ఎవరు గుర్తుపెట్టుకోవాలన్నది మాత్రం మీ మెసేజ్‌లే తేలుస్తున్నాయి.

అదే సంతకం దగ్గరికొస్తే? తండ్రి బతికుండగా కూడా తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీ అడ్మిషన్ ఫారంలో మొదటి గడి తండ్రిదే, టీసీకి అడిగే సంతకమూ తండ్రిదే. అధికారం ఆయనకు, జ్ఞాపకం నాకూనా?

సంక్రాంతికి తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులు చూసి చప్పట్లు కొట్టడం, "స్నాక్స్ అమ్మ చేతివే పంపండి" అన్న సర్క్యులర్, పనిదినాన పదకొండింటికి పేరెంట్స్ మీటింగ్... ఇవన్నీ ఇదివరకే చెప్పాను, మీకు తెలుసు. కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పాఠ్యపుస్తకంలో వంటింట్లో తండ్రి కొబ్బరి కోరుతున్న బొమ్మ వేశారు. అది ప్రభుత్వం వేసిన పుస్తకం. మీరు ఒక ఫోన్ నంబరు ఉంచలేకపోయారా?

ఇంకొకటి అడగాలి. మా పాప క్లాసులో తల్లి లేని బాబు ఒకడున్నాడు. వాళ్ళ నాన్న నంబరు కూడా తీసేశారా? ఉంచితే, "అమ్మలూ" అని మొదలయ్యే మెసేజ్ ఆ ఇంట్లో ఎవరు చదవాలి? పంపేముందు మీలో ఒక్కరికైనా ఆ పిల్లవాడు గుర్తొచ్చాడా? తండ్రులు మెసేజ్‌లు చూడరని మీ టీచరమ్మ ఫోన్లో అన్నారు. చూడనివాళ్ళు కొందరున్నారు, నిజమే. వాళ్ళు చూసేలా చేయాలి గాని, చూసేవాళ్ళను కూడా బయటికి పంపుతారా?

టీచర్లకు పని ఎక్కువని నాకు తెలుసు. వాళ్ళలోనూ చాలామంది ఇంటికెళ్ళాక ఇదే బరువు మోస్తారు. అందుకే ఇది వాళ్ళకూ పట్టాల్సిన విషయం అంటున్నాను.

ఈ పద్ధతి మార్చండి. ఎలా మారుస్తారన్నది మీ ఇష్టం. మావారి నంబరు మీ రిజిస్టర్లో మొదటి పేజీలోనే ఉంది. తండ్రులకు తెలియజేయడం బడి బాధ్యత. ఆ బాధ్యతను నా నెత్తిన పెట్టకండి.

ఇట్లు,
మూడో తరగతి చదివే పాప తల్లి