క్రిప్టో బేరము - రుసుము లెక్క

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల యువకులు తల్లిదండ్రుల వేరుసెనగ పైకమును, మగ్గపు కూలిని సెల్‌ఫోనులో జరుగు క్రిప్టో దినవారీ బేరములకు ఒడ్డరాదని మా అభిప్రాయము.

లిమిట్ ఆర్డరు కోరిన ధరను కాపాడును గాని, బేరము కుదురునని పూచీపడదు. కుదిరినను రుసుము తప్పదు. నూటికి అర్ధరూపాయి యనుకొందము: 10,000 రూపాయలకు కొని, అదే ధరకు అమ్మినను 100 రూపాయలు తరుగును. దినమున కొకమారిట్లు చేసిన, 30 దినములలో 3,000 పోవును. ధర పెరిగినను, 2022 ఏప్రిల్ 1 నుండి లాభముపై 30 శాతము పన్ను గలదు. ఒక నాణెపు నష్టమును వేరొక దాని లాభమునుండి తగ్గింపరాదు.

నేతగాని శ్రమకు చీర మిగులును. ఈ బేరమున మొదట నిండునది దానిని నడుపు సంస్థ సంచియే. గోపురము కట్టగోరువాడు ముందుగా వ్యయము లెక్కించుకొనవలెనని మన ప్రభువు బోధించెను. విద్యార్థులారా, ఆ లెక్కకు మీరు నేర్చిన గణితమే చాలును.