ఖాళీ పైపు అడగండి

అమెరికాలో కొత్త ఇల్లు కట్టించుకునే మనవాళ్ళు గ్రానైటు రంగు గురించి బిల్డరుతో గంటలకొద్దీ మాట్లాడతారు. వైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం "క్యాట్ 6 చాలా, 6ఏ వేయించాలా?" అన్న ఒక్క ప్రశ్నతో సరి. నన్నడిగితే క్యాట్ 6 చాలు. 55 మీటర్ల లోపు 10 గిగాబిట్లు లాగేస్తుంది, మన ఇళ్ళలో అంత దూరం ఎక్కడుంటుంది చెప్పండి? (రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా వస్తోందని మాత్రం కొనకండి.)

అసలు అడగాల్సింది ఖాళీ పైపు. మన ఊళ్ళలో స్లాబు పోయకముందే పైపులు వేస్తారు. ఇరవై ఏళ్ళయినా ఎలక్ట్రీషియన్ పాత వైరు తోకకి కొత్తది కట్టి లాగేస్తాడు. ఇక్కడేమో, షికాగో లాంటి కొన్నిచోట్ల తప్పిస్తే, చెక్క ఫ్రేముకి వైరుని స్టేపుల్ చేసి పైన షీట్‌రాక్ కొట్టేస్తారు. మార్చాలంటే గోడ కొయ్యాల్సిందే! ఒకప్పుడు గదిగదికీ వేయించుకున్న ఫోను తీగలన్నీ ఇవాళ ప్లేట్ల వెనక ఊరికే పడున్నాయి.

"వైఫై ఉండగా ఇవన్నీ ఎందుకండీ?" అంటారు. ఆ వైఫై డబ్బా సీలింగుకి తగిలించాలన్నా వైరు కావాలిగా... దానికి కరెంటు కూడా అందులోంచే పంపొచ్చు.

నెట్‌వర్కు అల్మరా నుంచి అటకకి ఓ లావుపాటి పైపు, లోపల లాగుడు తాడు. కారు చార్జరుకి ప్యానెల్ నుంచి గరాజుకి ఇంకోటి, ప్యానెల్లో 240 వోల్టుల బ్రేకరుకి రెండు గళ్ళ ఖాళీ. కరెంటుకీ నెట్‌వర్కుకీ ఒకే పైపు వద్దు. "అది స్టాండర్డ్ కాదు" అని బిల్డరు నసుగుతాడు. అందుకే సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి, షీట్‌రాక్ ఎక్కేముందు ప్రతి గోడకీ టేపు పెట్టి ఫోటో తీసుకోండి.